నా ఫిట్స్ నేనెప్పుడూ చూడలేదు

ఇంట్లో అందరూ చూశారు. ఆఫీసులో పక్క సీటు అమ్మాయి చూసింది, బస్సులో ముక్కూ మొహం తెలియనివాళ్ళు చూశారు. అక్క కూతురు, ఐదేళ్ళ పిల్ల, అది కూడా ఒకసారి చూసి మంచం కింద దాక్కుంది. చూడనిదాన్ని నేనొక్కదాన్నే.

మొదటిసారి వచ్చినప్పటిది నాకు గుర్తున్నది ఇంతే: చేతిలో దువ్వెనతో అద్దం ముందు నిలబడి ఉన్నాను. ఆ తర్వాత నేల మీద ఉన్నాను. నాలుక ఒక పక్క తెగి మండుతోంది, ఒళ్ళంతా ఎవరో కొట్టినట్టు నొప్పులు, బట్టలు తడిసిపోయాయి, నా మీదకి వంగి చూస్తున్న మొహాలు ఎవరివో పోల్చుకోలేకపోతున్నాను. మధ్యలో ఏం జరిగిందో వాళ్ళూ వీళ్ళూ చెబితే తెలిసింది, అది కూడా తలా ఒక రకంగా చెప్పారు. అమ్మ అరగంట అంది. అక్క రెండు నిమిషాలు కూడా లేదంది. డాక్టరు దగ్గరికి వెళ్తే "ఏం జరిగింది?" అని నన్ను కాదు, పక్కన కూర్చున్న అక్కని అడిగారు. అడగాల్సింది అక్కనే, అందులో తప్పేమీ లేదు. కానీ ఆ గదిలో నా జబ్బు గురించి మాట్లాడుకుంటున్నంతసేపూ నేను వేరే ఎవరి సంగతో వింటున్నట్టు కూర్చున్నాను. ఒంట్లో ఉన్న మనిషికి తప్ప అందరికీ తెలిసే జబ్బు ఇది.

ఈ పోస్టు నాకు "నెట్‌లో జబ్బుల గురించి చదవకు, లేనిపోని టెన్షన్" అని చెప్పినవాళ్ళ కోసం రాస్తున్నాను. అందరూ నా మీద ప్రేమతోనే చెప్పారు, నాకు తెలుసు. ఆరేళ్ళ తర్వాత జవాబు చెబుతున్నాను.

నిజానికి ఇందులో నాకు మాత్రమే తెలిసిన భాగం ఒకటుంది, దాన్ని చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. ఉన్నట్టుండి పొట్టలోంచి ఒక అల లాంటిది గొంతు దాకా లేస్తుంది. ఆ వెంటనే, ఈ క్షణం ఇంతకుముందు అచ్చం ఇలాగే, ఇదే వెలుతురులో, ఇవే మాటలతో జరిగిపోయిందన్న గట్టి నమ్మకం కలుగుతుంది. నోట్లోంచి మాట రాదు. ఇరవై సెకన్లు ఉంటుందేమో, పోతుంది. ఎదురుగా ఉన్నవాళ్ళకి నేను కాస్త పరధ్యానంగా ఉన్నట్టు తప్ప ఏమీ కనపడదు. ఇది ఫిట్స్‌కి సంబంధించినదని నాకు తట్టనే లేదు. ఫిట్స్ అంటే పడిపోవడం, కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం, నోట్లోంచి నురగ, ఇదే కదా నాకు తెలిసింది. ఇది మాత్రం నా మనసులో ఏదో తేడా అనుకున్నాను. చెబితే ఆ కొత్త పేరు కూడా నాకు తగిలిస్తారని భయపడ్డాను.

ఒకరోజు రాత్రి రెండింటికి, నిద్రపట్టక ఫోన్లో ఏదో వెతుకుతూ, ఎపిలెప్సీ, అంటే ఈ ఫిట్స్ జబ్బు, ఉన్నవాళ్ళ గ్రూపొకటి తెరిచాను. ఒకావిడ రాసిన నాలుగు లైన్లు కనపడ్డాయి. లిఫ్ట్ ఒక్కసారిగా కిందకి దిగితే పొట్టలో ఎలా ఉంటుందో అలా మొదలవుతుందని, అప్పుడు అంతా ముందే జరిగిపోయినట్టు అనిపిస్తుందని, ఆ కొన్ని సెకన్లూ భయంతో పాటు ఒక వింత పరిచయం లాంటిది ఉంటుందని రాసింది. కింద ముప్ఫై నలభై మంది "నాకూ" అని పెట్టారు. నేను లేచి కూర్చున్నాను. చదివింది మళ్ళీ చదివాను. నాకే తెలిసిన రహస్యం అనుకున్నది అక్కడ అంతమంది పట్టపగలు మాట్లాడుకునే విషయంలా ఉంది.

ఆ లైన్లే కాగితం మీద ఎక్కించుకుని తర్వాతిసారి డాక్టరుకి చదివి వినిపించాను. ఆవిడ పెన్ను పక్కన పెట్టి "ఇవి వారానికి ఎన్నిసార్లు?" అని అడిగారు. ఎనిమిది నెలలుగా ఫిట్స్ లేవని ఇంటిల్లిపాదీ సంతోషపడుతున్నాం అప్పటికి. ఆ ఎనిమిది నెలల్లోనూ నాకు వారానికి రెండు మూడు ఫిట్స్ వస్తూనే ఉన్నాయి.

ఎందుకంటే, పొట్టలోంచి లేచే ఆ అల లాంటిదాన్ని ఆరా అంటారు, అది ఫిట్స్ రాబోతోందని చెప్పే హెచ్చరిక మాత్రమే కాదు, అదే ఒక ఫిట్. మెదడులో ఒకచోట లేచిన విద్యుత్ అలజడి అక్కడికక్కడే ఆగిపోతే మనిషికి స్పృహ ఉంటుంది, బయటికి ఏమీ కనపడదు. మెదడు రెండు వైపులకీ పాకితే అప్పుడు అందరూ చూసే ఆ కొట్టుకోవడం వస్తుంది. మూర్ఛ మీద పనిచేసే నిపుణుల అంతర్జాతీయ సంస్థ ఐఎల్ఏఈ 2017లో ఇచ్చిన వర్గీకరణలో ఈ మొదటిదాన్ని స్పృహతో ఉండే ఫోకల్ (అంటే మెదడులో ఒకచోట మొదలయ్యే) ఫిట్స్ అన్నారు. ఇది పేర్ల గొడవ కాదు. ఏ రకమో తెలిస్తేనే ఏ మందో తేలుతుంది. ఫోకల్ రకానికి బాగా పనిచేసే కార్బమజెపిన్ అనే మందు, ఉలికిపాటు లాంటి కుదుపులతో వచ్చే మయోక్లోనిక్ రకం వాళ్ళకి ఇస్తే ఉన్నవి ఇంకా ఎక్కువ కావచ్చు. డాక్టరుకి కావలసిన సమాచారం నా లోపల ఉంది, దాన్ని చెప్పే మాటలు నా దగ్గర లేవు. ఆ మాటలు నాకు ఇచ్చింది ఈ జబ్బున్న ఇంకో మనిషి.

అందుకే "ఆన్‌లైన్ గ్రూపులు ఓదార్పుకి మంచివే" అని పెద్దమనసుతో ఒప్పుకునేవాళ్ళతో కూడా నేను ఏకీభవించను. ఓదార్పు మంచిదే, నాకూ కావాలి. కానీ అక్కడ దొరికేది ముందు జ్ఞానం. ఫిట్స్‌ని లోపలి నుంచి చూసినవాళ్ళు తప్ప ఇంకెవరూ ఇవ్వలేని జ్ఞానం అది. మా డాక్టరు చాలా మంచి డాక్టరు, ఆవిడ మీద నాకు గౌరవం ఉంది, కానీ ఆవిడకి ఎప్పుడూ ఫిట్స్ రాలేదు.

లెక్కలు చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదాని ప్రకారం దాదాపు 5 కోట్లమందికి ఎపిలెప్సీ ఉంది. అంతమంది ఉన్నా నాకు ఒక్కరు కూడా తెలియదు, అలా తెలియనిదాన్ని నేనొక్కదాన్నే కూడా కాదు. జబ్బున్నవాళ్ళు తమ అనుభవాలు పంచుకునే పేషెంట్స్‌లైక్‌మీ అనే సైటులో ఎపిలెప్సీ ఉన్న సభ్యులను అడిగి 2012లో ఒక అధ్యయనం ప్రచురించారు. అక్కడ చేరకముందు, ఈ జబ్బు గురించి మాట్లాడుకోవడానికి ఇదే జబ్బున్న మనిషి ఒక్కరు కూడా తెలియనివాళ్ళు వాళ్ళలో 30 శాతం. ఫిట్స్‌కీ ఫిట్స్‌కీ మధ్య మనం అందరిలాగే కనపడతాం. కనపడనప్పుడు చెప్పకుండా ఉండటం తేలిక, ఉద్యోగం పోతుందనో సంబంధం చెడుతుందనో జాలిపడతారనో దాచేస్తాం. ఇద్దరం ఒకే లిఫ్టులో రోజూ ఎక్కి దిగుతూ ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా ఏళ్ళు గడిపేస్తాం.

ఇంట్లో కూడా ఆ మాట ఎవరూ అనరు. "ఆ రోజు అలా అయినప్పుడు" అంటారు. "నీకు అది వచ్చినప్పుడు" అంటారు. గ్రూపులో మొదటిసారి ఎవరో "నిన్న మీటింగులో ఫిట్స్ వచ్చింది, మోచెయ్యి దోక్కుపోయింది" అని, నిన్న జ్వరం వచ్చిందన్నంత మామూలుగా రాస్తే, ఆ వాక్యాన్ని ఎంతసేపు చూశానో చెప్పలేను.

ఇంకొక సంగతి, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు ఆలోచించనిది. నేరుగా కలుసుకోవచ్చు కదా, ఫోన్లో ఎందుకు అంటారు. ఫిట్స్ అదుపులో లేనివాళ్ళు బండి నడపకూడదు. ఎన్ని నెలలు రాకుండా ఉంటే నడపొచ్చన్నది ఒక్కోచోట ఒక్కో రకం, కానీ ఆ నిషేధం ఏదో రూపంలో చాలాచోట్ల ఉంది. ఒంటరిగా బయటికి వెళ్ళాలంటే దారిలో వస్తుందేమోనన్న భయం. తీసుకెళ్ళేవాళ్ళ తీరిక చూసుకోవాలి. ఎవరినీ తోడు అడగకుండా, ఇంట్లోవాళ్ళని నిద్రలేపకుండా, రాత్రి రెండింటికి వెళ్ళగలిగిన చోటు నాకు అదొక్కటే.

డాక్టరు దగ్గర నాకు దొరికేది మూడు నెలలకోసారి పది నిమిషాలు. మిగతా రోజులన్నీ ఎవరివి? మందుతో ఆగిపోయేవాళ్ళకి ఈ ప్రశ్న అంత పెద్దది కాకపోవచ్చు. కానీ క్వాన్, బ్రోడీ అనే ఇద్దరు వైద్యులు 2000లో ప్రచురించిన పేరున్న అధ్యయనం ఒకటుంది. అంతకుముందు ఏ మందూ వాడని 470 మందిలో మొదటి మందుతోనే ఫిట్స్ ఆగిపోయినవాళ్ళు 47 శాతం. రెండో మందు, మూడో మందు, రెండేసి మందులు కలిపి వాడటం, అన్నీ అయ్యాక కూడా మూడో వంతు కన్నా ఎక్కువమందికి ఆగలేదు. ముగ్గురిలో ఒకరికి ఇది ఒక సమస్య, ఒక పరిష్కారం అన్నట్టు ముగిసే కథ కాదు, దీంతోనే ఉద్యోగం చెయ్యాలి, దీంతోనే పిల్లల్ని పెంచాలి. అవన్నీ ఎలా చెయ్యాలో ఏ ప్రిస్క్రిప్షన్ మీదా ఉండదు.

నేను నేర్చుకున్నవన్నీ చిన్నచిన్న విషయాలే. స్నానాల గదికి గడియ పెట్టకూడదు, తలుపు బయటికి తెరుచుకునేదైతే ఇంకా మంచిది, ఎందుకంటే లోపలికి తెరుచుకునేదైతే మన ఒళ్ళే దానికి అడ్డం పడుతుంది. వారం రోజులకి గళ్ళున్న మాత్రల డబ్బా కొనుక్కుంటే "పొద్దున వేసుకున్నానా లేదా" అన్న అనుమానం ఉండదు. ఒక డోసు మర్చిపోతే ఏం చెయ్యాలో మర్చిపోకముందే డాక్టరుని అడిగి రాసి పెట్టుకోవాలి. ఎవరికైనా చెప్పాల్సి వస్తే మొత్తం చరిత్ర చెప్పక్కర్లేదు, మూడు మాటలు చాలు: పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, టైము చూడండి, 5 నిమిషాలు దాటితే అంబులెన్సు పిలవండి. (నాలుగయ్యాయి, కానీ నాలుగూ కావాలి.) నాలుక మింగేస్తారనుకుని నోట్లో చెంచాలు దూర్చే మనుషులు ఇంకా ఉన్నారు. నాలుక మింగడం అనేది జరగదు. చెంచా వల్ల పళ్ళు విరగడం మాత్రం జరుగుతుంది.

ఇంట్లోవాళ్ళతో ఫోన్లో వీడియో తీయించమని చెప్పింది కూడా గ్రూపులోవాళ్ళే. అక్క ఒప్పుకోలేదు. నువ్వలా ఉంటే నేను ఫోను పట్టుకుని నిలబడాలా అని ఏడ్చింది. చివరికి ఒకసారి తీసింది, ఒక చేత్తో నా తల కింద దిండు సర్దుతూ ఇంకో చేత్తో. డాక్టరు దాన్ని మూడుసార్లు వెనక్కి తిప్పి చూసి, తల ముందు ఏ వైపుకి తిరుగుతోందో, ఏ చెయ్యి ముందు బిగుసుకుంటోందో రాసుకున్నారు. అమ్మ చెప్పిన అరగంట, ఒక నిమిషం నలభై సెకన్లని తేలింది. ఆ వీడియో ఇంకా నా ఫోన్లో ఉంది. నేను చూడలేదు.

కోపం సంగతి కూడా చెప్పాలి. ఆ చిన్న ఫిట్స్ బయటపడ్డాక నేను వాడుతున్న లెవెటిరాసెటమ్ అనే మందు డోసు పెంచారు. నెల తిరిగేసరికి నేను ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడటం లేదు, గిన్నె చప్పుడైతే అరుస్తున్నాను, అమ్మ నన్ను చూసి జంకుతోంది. నా స్వభావమే పాడైపోయిందనుకున్నాను, జబ్బు నన్ను చెడ్డదాన్ని చేస్తోందనుకున్నాను. గ్రూపులో సిగ్గుపడుతూ రాస్తే గంటలో పదిమంది ఒకటే మాట: ఏ మందు వేసుకుంటున్నారు? చికాకు, కోపం ఆ మందుకి బాగా తెలిసిన దుష్ప్రభావాలే, అందరికీ రావు గానీ వచ్చేవాళ్ళు చాలామందే ఉంటారు. వాళ్ళెవరూ నన్ను మానేయమనలేదు. "మీ అంతట మీరు ఒక్క మాత్ర కూడా ఆపకండి, రేపే డాక్టరుకి ఫోన్ చెయ్యండి" అన్నారు. వారాల తరబడి కొద్దికొద్దిగా లామోట్రిజిన్ అనే ఇంకో మందుకి మార్చారు, దాన్ని తొందరపడి పెంచితే ఒంటి మీద ప్రమాదకరమైన దద్దుర్లు రావచ్చు కాబట్టి నెమ్మదిగానే పెంచాలి. నేను మళ్ళీ నేనయ్యాను. అమ్మకి క్షమాపణ చెప్పాను.

ఇప్పుడు అవతలి వైపు. లేదని నేను అనను, నేను చూశాను.

మందులన్నీ మానేశాను, ఫలానాది వాడుతున్నాను, అద్భుతంగా ఉంది అని రాసేవాళ్ళు ప్రతి గ్రూపులోకీ వస్తారు, కొందరు అమ్ముకోవడానికే వస్తారు. మా దాంట్లో ఒక కుర్రాడు అలాంటిది నమ్మి ఒక్కరోజులో మాత్రలు ఆపేశాడు. వారం రోజులు కనపడలేదు. తర్వాత వాళ్ళ అక్క అతని ఫోను నుంచి రాసింది, ఐసీయూలో ఉన్నాడని, ఫిట్స్ ఆగకుండా వచ్చాయని. బతికాడు. మందులు హఠాత్తుగా ఆపితే ఫిట్స్ ఒకదాని వెంట ఒకటి వచ్చి ప్రాణం మీదకి రావచ్చు, దానికి స్టేటస్ ఎపిలెప్టికస్ అని పేరు. డోసుల గురించి ఎవరు సలహా ఇచ్చినా, వాళ్ళెంత మంచివాళ్ళైనా, ఆ పోస్టు తీసేసే అడ్మిన్ లేని గ్రూపులో ఉండకండి. ఈ విషయంలో నేను చాలా కఠినంగా ఉంటాను.

భయం కూడా అక్కడే పట్టుకుంది నన్ను. ఎపిలెప్సీ ఉన్నవాళ్ళలో కారణం తెలియకుండా హఠాత్తుగా చనిపోయే ప్రమాదం ఉందని, దాన్ని సుడెప్ అంటారని ఒక తల్లి తన కూతురి గురించి రాస్తేనే నాకు తెలిసింది. పెద్దవాళ్ళలో ఏడాదికి దాదాపు 1000 మందిలో ఒకరు. మూడు రాత్రులు నిద్రపోలేదు, నిద్ర లేకపోతేనే ఫిట్స్ వస్తాయని తెలిసి కూడా. నెట్‌లో చదవొద్దన్నవాళ్ళు ఇదే ఉదాహరణ చూపిస్తారు. నేను తిరిగి అడిగేది ఒకటే, ఈ మాట డాక్టరు గదిలో నాకు ముందే ఎందుకు చెప్పలేదు? పెద్ద ఫిట్స్ ఎంత తగ్గితే ఆ ప్రమాదం అంత తగ్గుతుందని కూడా అదే శ్వాసలో చెప్పొచ్చు కదా. అది తెలిసిన తర్వాత నేను ఒక్క డోసు కూడా తప్పలేదు. ఆ తల్లి రాసింది కూడా మమ్మల్ని భయపెట్టడానికి కాదు, తన కూతురికి ఎవరూ చెప్పలేదని.

చెడ్డ మనసుతో వచ్చేవాళ్ళ గురించి ఎంత తక్కువ చెప్పుకుంటే అంత మంచిది, కానీ తెలిసి ఉండాలి. 2019 నవంబరులో అమెరికాలోని ఎపిలెప్సీ ఫౌండేషన్ ట్విట్టర్ ఖాతాను ట్యాగ్ చేస్తూ వేగంగా మెరిసే బొమ్మలు పోస్టు చేశారు, చూసినవాళ్ళకి ఫిట్స్ రావాలనే. 2020లో బ్రిటన్‌లో ఎపిలెప్సీ సంస్థ కోసం నిధులు సేకరిస్తున్న చిన్న బాబు పోస్టుల కిందా అదే పని చేశారు. ఆ బాబు పేరు మీద జాక్ చట్టం కావాలని పోరాడితే, 2023లో అక్కడి ఆన్‌లైన్ సేఫ్టీ చట్టంలో అలాంటి బొమ్మలు కావాలని పంపడం నేరమైంది. మెరిసే వెలుగు వల్ల ఫిట్స్ వచ్చేది ఈ జబ్బున్నవాళ్ళలో 100కి ముగ్గురికి మాత్రమే. అయినా ఫోన్లో వీడియోలూ బొమ్మలూ వాటంతటవే ఆడకుండా ఆపేసుకోండి. అలాగే మీ అసలు పేరు, ఆఫీసు పేరు అక్కడ రాయనక్కర్లేదు.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టే లోపం మాత్రం ఇవేవీ కాదు. సరైన వైద్యం అందితే ఎపిలెప్సీ ఉన్నవాళ్ళలో 70 శాతం దాకా ఫిట్స్ లేకుండా బతకొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థే అంటోంది. వాళ్ళందరూ ఏరి? గ్రూపుల్లో ఉండరు. బాగైనవాళ్ళు వెళ్ళిపోతారు, ఆ రోజులు గుర్తుచేసుకోవడం కూడా ఇష్టం లేక వెళ్ళిపోతారు, అది నాకు అర్థమవుతుంది. కానీ నిన్న జబ్బు పేరు విని ఇవాళ అక్కడికి వచ్చిన పద్దెనిమిదేళ్ళ పిల్లకి ఏం కనపడుతుంది? రోజుకి పదిసార్లు ఫిట్స్ వచ్చేవాళ్ళు, ఆపరేషన్ గురించి అడిగేవాళ్ళు, ఉద్యోగం పోయినవాళ్ళు. తన భవిష్యత్తు ఇదే అనుకుంటుంది. ఫిట్స్ ఆగిపోయినవాళ్ళు ఇది చదువుతుంటే, ఆర్నెల్లకోసారైనా వెళ్ళి ఒక్క లైను రాయండి: నాలుగేళ్ళైంది, రాలేదు, పెళ్ళైంది, పని చేసుకుంటున్నాను అని. ఆ ఒక్క లైను కోసం నేను ఎన్ని రాత్రులు వెతికానో.

ఇవన్నీ ఎవరో కొలిచి చూశారా అంటే, కొంత చూశారు. అమెరికాలో ఎపిలెప్సీ ఉన్న మాజీ సైనికులను ఇలాంటి ఆన్‌లైన్ సమూహంలో ఆరు వారాలు ఉంచి చేసిన పరిశోధన 2015లో న్యూరాలజీ పత్రికలో వచ్చింది. తమ జబ్బును తాము చూసుకోగలమన్న నమ్మకం, చూసుకునే తీరు మెరుగుపడ్డాయి. ఫిట్స్ తగ్గాయని నేను అనడం లేదు. ఆ నమ్మకం ఎంత విలువైందో దాన్ని పోగొట్టుకున్నవాళ్ళకి తెలుసు, స్నానానికి వెళ్తూ కూడా ఎవరికో చెప్పి వెళ్ళాల్సిన మనిషికి తెలుసు. జబ్బు పేరు చెప్పిన రోజే, మందుల చీటీతో పాటు, నమ్మదగిన ఒక గ్రూపు పేరు కూడా డాక్టర్లు రాసివ్వాలి. చదవొద్దని చెబితే మేం చదవడం మానం, ఒంటరిగా చదువుతాం, ఏది నిజమో అడగడానికి ఎవరూ లేకుండా చదువుతాం.

మొన్న రాత్రి ఒకమ్మాయి కొత్తగా చేరింది. రెండు వారాల కిందట మొదటిసారి వచ్చిందట. "అక్కా, నాకేం గుర్తులేదు, అందరూ ఏదేదో చెబుతున్నారు, నాకు నా మీదే నమ్మకం పోయింది" అని రాసింది. చాలాసేపు ఏం రాయాలో తోచలేదు. భయపడకు అని టైప్ చేసి తీసేశాను. తర్వాత, నన్ను ఎవరూ అడగనిది అడిగాను.

"వాళ్ళు చూసింది తర్వాత చూద్దాంలే తల్లీ. పడిపోక ముందు నీకు లోపల ఏమైనా అనిపించిందా?"

మూడు చుక్కలు కదులుతూ చాలాసేపు ఉన్నాయి. పొడుగ్గా రాస్తోంది.